తెల్లపులి వంశవృక్షం

అరవింద్ అడిగ నవల 'ద వైట్ టైగర్'లో రెండు సన్నివేశాలను పక్కపక్కన పెట్టి చదవవలసి ఉంటుంది. మొదటిది బీహారు పల్లెలోని ఒక బడిలో జరుగుతుంది. తనిఖీకి వచ్చిన అధికారి, తరగతి మొత్తంలో చక్కగా చదవగలిగిన బలరామ్‌ను మెచ్చుకొని, అడవిలో అన్నిటికంటె అరుదైనది, తరానికి ఒక్కటే పుట్టేది ఏ జంతువని అడుగుతాడు. తెల్లపులి అని పిల్లవాడు చెబుతాడు. ఆ జవాబే అతనికి బిరుదవుతుంది. రెండవ సన్నివేశం నవల చివరి భాగంలో, ఢిల్లీ జూలో. పెద్దవాడైన బలరామ్ తెల్లపులి బోను ముందు నిలబడతాడు. ఒకే దారిలో, ఒకే కొలతతో అటూ ఇటూ తిరుగుతున్న ఆ జంతువును చూస్తూ చూస్తూ స్పృహతప్పి పడిపోతాడు. 2008లో బుకర్ బహుమతి పొందిన ఈ నవలను గురించిన చర్చ ఎక్కువగా కులం, డబ్బు, నౌకరీ, నేరం చుట్టూ తిరిగింది. ఆ బోనులోని పులి అక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

అడగవలసిన ప్రశ్నే అది. తరానికి ఒక్కటి పుట్టే జంతువైతే, పెద్ద జూలు ఇన్నింటిలో ఎలా కనిపిస్తుంది? హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు వెళ్ళినవారికి తెల్లపులి కనిపిస్తుంది. విశాఖపట్నంలోనూ కనిపిస్తుంది, తిరుపతిలోనూ కనిపిస్తుంది. సెలవులకు స్వదేశం వెళ్ళిన ప్రవాస కుటుంబాలు పిల్లలను ఎత్తుకొని ఫోటోలు తీయించుకునేది ఆ కటకటాల ముందే. పక్క ఆవరణలో మామూలు పులి నిద్రపోతుంటే ఎవరూ ఆగరు. ఇన్ని బోనుల్లో ఉన్నది ప్రకృతి తరానికొకసారి చేసిన వింత కాదు. కోరుకున్న రంగు కోసం మనిషి పని కట్టుకొని నడిపిన వంశం. ఆ వంశవృక్షాన్ని ఒక్కసారి విప్పి చూస్తే, తెల్లని చర్మం బిరుదులా కాక రోగచరిత్రలోని ఒక లక్షణంలా కనిపించడం మొదలవుతుంది.

1951 మే నెలలో, నేటి మధ్యప్రదేశ్‌లోని రేవా ప్రాంతపు అడవుల్లో, మహారాజు మార్తాండ్ సింగ్ వేటలో ఒక తెల్ల పులికూన చేజిక్కింది. తల్లి ఆ వేటలోనే చనిపోయింది. కూనకు మోహన్ అని పేరుపెట్టి గోవింద్‌గఢ్ కోటలో పెంచారు. పెద్దదయ్యాక దానికి బేగం అనే మామూలు రంగు ఆడపులిని జతచేశారు. పుట్టిన కూనలన్నీ నారింజ రంగువే. తెల్లరంగు ఎటుపోయిందో ఆనాడు ఆ కోటలో ఎవరికీ అర్థం కాలేదు. తరువాత బేగం కూతురు రాధను, అంటే మోహన్ సొంత కూతురినే, మోహన్‌కు జతచేశారు. 1958 అక్టోబరులో రాధకు నాలుగు కూనలు పుట్టాయి. నాలుగూ తెల్లవే: రాజా, రాణీ, మోహినీ, సుకేశీ.

ఇందులోని లెక్క కష్టమైనది కాదు. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. తెల్లరంగునిచ్చే మార్పు అణగి ఉండే స్వభావం కలది. రెండు ప్రతుల్లోనూ ఉంటేనే అది బయటపడుతుంది. మోహన్‌కు రెండూ అవే. బేగంకు ఒక్కటీ లేదు. కనుక వాటి పిల్లలన్నీ పైకి నారింజరంగే అయినా లోపల ఒక్కొక్క ప్రతిని మోస్తున్నాయి. మోహన్, రాధల కలయికలో పుట్టే ప్రతి కూనా తెల్లదయ్యే అవకాశం సగం. నాలుగూ తెల్లవే కావడం పదహారింట ఒక వంతు అదృష్టం. అదృష్టమన్న మాట రాజుగారి వైపు నుంచి చూసినప్పుడు మాత్రమే చెల్లుతుంది.

తెలుగు పాఠకుడికి ఈ లెక్క ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. మేనరికపు పెళ్ళిళ్ళు తెలియని తెలుగు కుటుంబం అరుదు. అత్త కొడుకు, మేనమామ కూతురు, కొన్ని ఇళ్ళలో స్వయానా అక్క కూతురు. ఆస్తి చెదరకుండా ఉంటుందని, పిల్ల తెలిసిన ఇంట్లోనే ఉంటుందని, మాట ఇచ్చామని ఇలాంటి పెళ్ళిళ్ళు జరిగాయి, ఇంకా జరుగుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి రక్తసంబంధీకుల మధ్య జరిగినదే. చంటిబిడ్డకు చూపు సరిగా లేదనో, వినికిడి లేదనో తీసుకువచ్చిన తల్లిదండ్రులను వైద్యులు మొదట అడిగే ప్రశ్నల్లో "మీది మేనరికమా?" అన్నది ఒకటి. ఆ ప్రశ్నలో నింద లేదు. అణగి ఉన్న ఒకే జన్యుదోషం ఇద్దరి నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఎంతో తెలుసుకోవడమే దాని ఉద్దేశం.

ఆ అవకాశానికి అంకెలున్నాయి. మేనత్త మేనమామ బిడ్డల మధ్య పెళ్ళి జరిగితే, పుట్టే బిడ్డలో ఏ జన్యువుకైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని ఒకే ప్రతి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. అక్క కూతురిని చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. తండ్రికి కూతురిని జతచేస్తే నాలుగింట ఒకటి. మేనరికంలో పుట్టిన బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు, పెరిగే ముప్పు కొద్ది శాతమే. మనుషుల్లో అది తరం మారితే తెగిపోవచ్చు, బయటి సంబంధం ఒక్కటి కలిస్తే తగ్గిపోవచ్చు. గోవింద్‌గఢ్‌లో మొదలైన వంశానికి ఆ వెసులుబాటు లేదు. తెల్లరంగు నిలవాలంటే తెల్లవాటినో, వాటి రక్తసంబంధీకులనో మళ్ళీ మళ్ళీ కలపాలి. మేనరికం గురించి ఎంత తెలిసినవారైనా ఆ వంశవృక్షాన్ని చూస్తే ఒక క్షణం ఆగవలసిందే. అందులో కొమ్మలు విడిపోవు, తిరిగి మొదట్లోకే వచ్చి కలుస్తాయి.

1960 డిసెంబరులో మోహిని అమెరికా చేరింది. జాన్ క్లూగే అనే వ్యాపారవేత్త పది వేల డాలర్లకు కొని వాషింగ్టన్‌లోని జాతీయ జూకు బహూకరించాడు. శ్వేతసౌధంలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సమక్షంలో ఆ బహూకరణ జరిగింది. అక్కడ మోహినికి జతగా వచ్చింది దాని సమీప బంధువే. రాజా, రాణీ ఢిల్లీ జూకు చేరాయి. బలరామ్‌కు స్పృహతప్పించిన కల్పిత పులికి నిజజీవితంలో పూర్వీకులు ఉంటే ఆ జంటనే చెప్పుకోవాలి. 1980లో ఒడిశాలోని నందన్‌కానన్‌లో రేవాతో సంబంధం లేకుండానే, రెండు మామూలు రంగు పులులకు తెల్ల కూనలు పుట్టాయి. అదొక ఆశ్చర్యంగా ప్రచారమైంది. ఆ జంటలో తండ్రి పేరు దీపక్. తల్లి గంగ. గంగ, దీపక్ కూతురే.

ఇక ఆ తెలుపు ఏమిటి? తెల్లపులి పూర్తిగా వర్ణహీనమైన జంతువు కాదు. దాని చారలు నల్లగానో గోధుమరంగులోనో ఉంటాయి, కళ్ళు నీలం. వర్ణకాలు రెండు రకాలు. నలుపు గోధుమ రంగులిచ్చేది ఒకటి, ఎరుపు పసుపు ఛాయలిచ్చేది మరొకటి. తెల్లపులిలో రెండవది దాదాపు లోపిస్తుంది, మొదటిది చాలావరకు నిలుస్తుంది. 2013లో చైనా శాస్త్రవేత్తల బృందం దీనికి కారణమైన మార్పును ఎస్‌ఎల్‌సీ45ఏ2 అనే జన్యువులో, ఒకే ఒక్క అమైనో ఆమ్లం తేడాగా గుర్తించింది. ఈ జన్యువు వైద్యులకు అపరిచితం కాదు. మనుషుల్లో ఇదే జన్యువు దెబ్బతింటే చర్మం, జుట్టు, కళ్ళలో రంగు తగ్గిపోయే ఆల్బినిజంలో ఒక రకం వస్తుంది. ఆ పిల్లలకు ఎండ పడదు, చూపు సరిగా ఆనదు. వారిని వింతగా చూసే లోకం మీద ఎవరికైనా కోపం వస్తుంది. అదే జన్యువులోని మార్పు పులిలో కనిపిస్తే టిక్కెట్టు కొనుక్కొని వెళ్ళి చూడడం మర్యాద అనిపించుకుంటుంది.

కంటి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చాలా తెల్లపులులకు మెల్లకన్ను ఉంటుంది. దగ్గరి సంబంధాల వల్లనే ఇది వస్తుందని తరచు రాస్తుంటారు. అది పూర్తిగా సరికాదు. 1973లో గిలరీ, కాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక తెల్లపులి మెదడును పరిశీలించి, కంటి నుంచి మెదడుకు వెళ్ళే నాడీతంతువుల దారే తప్పుగా ఉందని చూపించారు. సయామీ పిల్లుల్లోనూ ఇదే తేడా ఉంటుంది. గర్భంలో కన్ను రూపొందే దశలో వర్ణకం సరిగా లేకపోతే, కొన్ని తంతువులు వెళ్ళవలసిన వైపుకు కాక ఎదుటి వైపుకు వెళ్ళిపోతాయి. అంటే మెల్లకన్ను తెలుపుకు తోడుగా వచ్చేదే. వేర్వేరు కుటుంబాల నుంచి ఎంత జాగ్రత్తగా జతలు కుదిర్చినా తెల్లపులిని కోరుకుంటే దానితోపాటు ఆ ముప్పునూ కోరుకున్నట్టే. గుండె లోపాలు, అంగిలి చీలిక, కూనగానే చనిపోవడం వంటివి ఈ వంశాల్లో నమోదైనప్పుడు, వాటికి దగ్గరి కలయికలు కారణమని అనుమానించడంలో న్యాయం ఉంది. ఒకటి రంగు చేసే హాని, మరొకటి ఆ రంగును నిలబెట్టేందుకు ఎంచుకున్న పద్ధతి చేసే హాని. రెండింటినీ విడదీసి చూడడం అవసరం. అప్పుడే "మేము దూరపు సంబంధాలే కలుపుతున్నాం" అన్న సమాధానం ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

ఈ వాదానికి ఎదురు వాదం ఉంది, అది తేలికైనది కాదు. తెల్లరంగు జూలో పుట్టిన వికారం కాదు, అడవిలోనే పుట్టిన మార్పు. భారతదేశపు అడవుల్లో తెల్లపులులు శతాబ్దాలుగా అప్పుడప్పుడు కనిపించాయి. వేటలో చిక్కినవాటిలో పూర్తిగా ఎదిగినవీ ఉన్నాయి. ఎదిగాయంటే వేటాడి బతకగలిగాయనే అర్థం. అడవిలో చివరిగా తెలిసిన తెల్లపులిని 1958లో కాల్చిచంపారు. జన్యువును గుర్తించిన శాస్త్రవేత్తలే ఇది పులి జాతికి సహజమైన వైవిధ్యంలో భాగమని, దాన్ని కాపాడుకోవచ్చునని అన్నారు. ఈ మాటలో సత్యముంది. కాని అడవిలోని వైవిధ్యాన్ని కాపాడడమంటే, ఆ ఒక్క ప్రతిని గుట్టుగా మోస్తూ తిరిగే నారింజ రంగు పులులకు విశాలమైన అడవి మిగల్చడం. బోనులో తండ్రీ కూతుళ్ళను కలిపితే ఒక జన్యువు రెండు ప్రతులు చేరతాయి, వైవిధ్యం చేరదు. పైగా ఆ ఒక్క జన్యువు కోసం మిగిలిన వేల జన్యువుల వైవిధ్యాన్ని ఖర్చుపెట్టినట్టవుతుంది. అమెరికాలోని జూల సంఘం, ఏజడ్‌ఏ, 2011లో తన సభ్యులు తెల్లపులులు, తెల్ల సింహాలు, రాజచీతాల వంటి అరుదైన రంగుల కోసం ఉద్దేశపూర్వకంగా జంతువులను పుట్టించరాదని నిర్ణయించింది. శ్వేతసౌధం గుమ్మంలో మోహినికి స్వాగతం పలికిన దేశం ఆ మాట అనడానికి అర్ధశతాబ్దం పట్టింది. మోహన్ పుట్టిన నేల మీద మాత్రం 2016లో, సత్నా జిల్లా ముకుంద్‌పూర్‌లో, మార్తాండ్ సింగ్ పేరుతోనే తెల్లపులుల సఫారీ తెరుచుకుంది.

రంగు మారిన జంతువు పట్ల రాజులకున్న మోజు కొత్తది కాదు. జహంగీరు తన జ్ఞాపకాల్లో ఒక తెల్లచీతాను గురించి రాసుకున్నాడు. నల్లగా ఉండవలసిన మచ్చలు నీలి ఛాయలో ఉన్న ఆ జంతువును 1608లో రాజా బీర్ సింగ్ దేవ్ తెచ్చి చూపించాడు. చక్రవర్తి దానిని వర్ణించి, ఇతర వింతల వైపు మళ్ళాడు. అదే నేల మీద ఇప్పుడు చీతాలను విదేశాల నుంచి విమానంలో తెచ్చుకోవలసి వస్తోంది. వింత చీతాకు చరిత్రలో చోటు దొరికింది, మామూలు చీతాకు అడవిలో చోటు దొరకలేదు.

ఇక్కడికి ఇది బోనుల కథ. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా సిమిలిపాల్‌లో ఇదే కథ బోను లేకుండా, ఎవరూ జతలు కుదర్చకుండా, అడవిలోనే జరుగుతోంది. 2,750 చదరపు కిలోమీటర్ల ఆ అభయారణ్యంలో నల్లపులులున్నాయి. నల్లపులి అంటే ఒళ్ళంతా నలుపు కాదు. చారలు వెడల్పై, ఒకదానితో ఒకటి కలిసిపోయి, మధ్యలో నారింజరంగు సన్నని పాయల్లా మిగులుతుంది. సిరాసీసా ఒలికిన కాగితంలా ఉంటుంది. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి చెందిన ఉమా రామకృష్ణన్, వినయ్ సాగర్‌లు సహచరులతో కలిసి 2021లో ప్రచురించిన అధ్యయనం దీనికి మూలాన్ని టాక్‌పెప్ అనే జన్యువులోని మార్పులో కనుగొంది. ఆఫ్రికాలో రాజచీతా అని ఒకప్పుడు వేరే జాతిగానే పేరుపెట్టిన జంతువు వీపు మీద మచ్చలు కలిసి గీతలవడానికి కారణం ఇదే జన్యువు. ఇళ్ళలో తిరిగే కొన్ని పిల్లుల చారలు సుడులు తిరగడానికీ ఇదే కారణం.

జన్యువు పేరుకంటె ముఖ్యమైనది ఆ అధ్యయనంలోని మరొక సంగతి. సిమిలిపాల్ వెలుపల ఈ మార్పు జూలలోని కొన్ని పులుల్లో తప్ప కనిపించలేదు. సిమిలిపాల్‌లో మాత్రం జన్యుప్రతుల్లో సగానికి పైగా అవే. 2022 గణనలో అక్కడ నమోదైన పులులు పదహారు, వాటిలో పది నల్లవి. మరెక్కడా లేనిది అక్కడే ఇంతగా ఎందుకు? దట్టమైన ఆ అడవి చీకట్లో నలుపు కొంత మేలు చేసి ఉండవచ్చునన్న ఊహ ఉంది. కాని అధ్యయనం చూపిన ప్రధాన కారణం ఒంటరితనం. చుట్టూ ఊళ్ళు, గనులు, రోడ్లు పెరిగి, ఇతర పులులుండే అడవులతో సిమిలిపాల్‌కు రాకపోకలు తెగిపోయాయి. కొద్దిపాటి పులులే మిగిలాయి. వాటి సంతానమే వాటి సంతానంతో జతకట్టింది.

రైతుకు ఇది చెప్పకనే తెలుసు. కరవు ఏడు ఊరంతటి విత్తనం పోయి గుప్పెడు గింజలు మిగిలితే, ఆ గుప్పెట్లో ఏ రకం ఎక్కువగా పడిందో మరుసటి ఏడు చేనంతా అదే. ఆ రకం మంచిదై గెలవలేదు, మిగతావి లేక గెలిచింది. సిమిలిపాల్ నలుపు అటువంటిది. దాన్ని వింతగా పొగడడమంటే, ఊరు ఖాళీ అయిపోయి మిగిలిన రెండిళ్ళవాళ్ళే వియ్యమందుకోవలసి వచ్చినప్పుడు, పుట్టిన పిల్లలందరికీ ఒకే పోలిక ఉందని మురిసిపోవడమే. పైకి కనిపిస్తున్నది రంగు ఒక్కటే. రంగు సగానికి పైగా పాకిందంటే, చర్మం మీద కనిపించని మరెన్ని దోషాలు అదే దారిలో పాకుతున్నాయోనన్నది వైద్యుడికి తక్షణం తోచే భయం. జ్వరం చూసి లోపలి పుండును వెతికినట్టే, ఈ నలుపును చూసి తెగిన దారులను వెతకాలి.

వెతికినవారున్నారు. 2024 చివరలో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులులను సిమిలిపాల్‌కు తెచ్చారు. కొత్త రక్తం ఎక్కించడమే ఉద్దేశం. జీనత్ అక్కడ నిలవలేదు. జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌లోకి వెళ్ళిపోయింది. డిసెంబరు చివరలో బాంకుడా జిల్లాలో మత్తుమందు ఇచ్చి పట్టుకొని తిరిగి తీసుకువచ్చారు. అది దారితప్పిందని వార్తలు వచ్చాయి. పులి చేసే పనే అది. అడవి నుంచి అడవికి నడిచే పులులుంటేనే అడవుల మధ్య రక్తం కలుస్తుంది. తప్పిపోయింది పులి కాదు, దారి.

అదే 2024 ఆరంభంలో ఒడిశా ప్రభుత్వం బారిపదా సమీపంలో నల్లపులుల సఫారీని ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. ప్రపంచంలో ఇటువంటిది ఇదే మొదటిదని గర్వంగా చెప్పుకున్నారు. గోవింద్‌గఢ్ గుర్తున్నవారికి ఆ గర్వం ఆందోళన కలిగించాలి. సఫారీ పెట్టినవారికి నల్లపులి కావాలి. నల్లపులి వయసు మీరి చనిపోతే మరో నల్లపులి కావాలి. ఆ కోరిక తీరే పద్ధతి ఏదో మోహన్, రాధ ఇదివరకే చెప్పారు. ఒకవైపు రెండు మామూలు పులులను వందల కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చి నలుపును పలచబరచాలని చూస్తూ, మరోవైపు ఆ నలుపునే టిక్కెట్టు మీద అచ్చువేయడం ఒకే రోగికి మందు, విషం కలిపి ఇచ్చినట్టే. నలుపుకు ధర పెరిగితే అది వేటగాడికీ పెరుగుతుంది. 2025 జనవరిలో సిమిలిపాల్‌లో ఒక నల్లపులి వేటగాళ్ళకు బలైంది.

రంగు మారిన ప్రతి జంతువునూ రోగిగా చూడాలని దీని అర్థం కాదు. మలేసియా ద్వీపకల్పంలోని చిరుతల్లో దాదాపు అన్నీ నల్లవే. అక్కడ అదే మామూలు రంగు. తేమ, నీడ నిండిన అడవిలో నలుపు చిరుతకు పనికివచ్చిందనే శాస్త్రవేత్తల అభిప్రాయం. పడమటి కనుమల్లోనూ నల్లచిరుతలు తరచు కనిపిస్తాయి. కిప్లింగ్ బగీరాకు రంగు ఎంచుకోవడంలో కల్పన తక్కువే. కెనడా పడమటి తీరపు వానల అడవుల్లో నల్ల ఎలుగుబంట్లకు కొన్నిసార్లు తెల్లపిల్లలు పుడతాయి. పగటివేళ నీటిలోని చేపలకు తెల్ల ఎలుగు అంతగా ఆనదు గనుక, చేపలు పట్టడంలో అది నల్ల ఎలుగుకంటె మెరుగని పరిశోధకులు గమనించారు. అక్కడి ఆదివాసులు దాన్ని పవిత్రంగా చూసి వేటాడలేదు. ఇవి రంగు బతుకుకు పనికివచ్చిన ఉదాహరణలు. కనుక రంగును చూసి వెంటనే మురిసిపోవడం ఎంత తొందరపాటో, జాలిపడడమూ అంతే. ఆ రంగు అక్కడికి ఎలా వచ్చింది, దాన్ని ఎవరు నిలబెడుతున్నారు, దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు అని అడగాలి. చిరుత విషయంలో ఆ జవాబు అడవి ఇస్తుంది. తెల్లపులి విషయంలో టిక్కెట్టు కిటికీ ఇస్తుంది. సిమిలిపాల్ విషయంలో తెగిపోయిన అడవిదారులు ఇస్తాయి.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు అని తెలుగులో సామెత. పులికి చారలే గుర్తు, చారలే గౌరవం. వాటికోసం నక్క ఒళ్ళు కాల్చుకుందని నవ్వుకున్న భాష ఇది. ఇప్పుడు వాతలు పెట్టే పని మనిషి తీసుకున్నాడు, పెట్టించుకునే వంతు పులిది. తనకు నచ్చిన నేపథ్యం మీద తనకు నచ్చిన చారలు రావాలని అతను దాని రక్తాన్నే దిద్దుతున్నాడు. నక్క కనీసం తన ఒళ్ళే కాల్చుకుంది.

దేశంలో పులులు పెరిగాయి. 2022 అంచనా 3,682. ఆ అంకె నిజమైన విజయమే. కాని ఆ అంకె విడివిడి ముక్కల మొత్తం. ముక్కల మధ్య నడక ఉన్నంతవరకే అది ఒక జాతి. ఈ విషయంలో తెలుగు నేల ప్రేక్షకస్థానంలో లేదు. సిమిలిపాల్‌కు మందుగా తరలించవలసినవి ఏ తాడోబా అడవి పులులో, అవే పులులు నదులు దాటి, పత్తిచేల గట్ల మీదుగా, ఎవరూ పిలవకుండానే కాగజ్‌నగర్, కవ్వాల్ అడవుల్లోకి నడిచి వస్తున్నాయి. ఆ దారిలో రైలుపట్టాలున్నాయి, కాలువలున్నాయి, పశువులు పోయాయన్న కసితో పెట్టిన విషముంది. ఆ దారిలో మనుషులూ ప్రాణాలు కోల్పోయారు. అడవి అంచున బతికేవారికి పరిహారమూ భద్రతా అందకపోతే ఏ పులిదారీ నిలవదు. దక్షిణాన నల్లమల నుంచి శేషాచలం కొండల వైపు సాగే దారిదీ ఇదే సమస్య. ఆ దారులు మూసుకుపోతే నల్లమల మరో సిమిలిపాల్ కావడానికి ఎన్ని తరాలు పడుతుందన్నది కేవలం లెక్కల ప్రశ్న.

అందుచేత జూల నిర్వాహకులు చేయవలసినది సులభంగానే చెప్పవచ్చు. ఉన్న తెల్లపులులను చివరిదాకా శ్రద్ధగా చూసుకోవాలి, అవి పుట్టడం వాటి తప్పు కాదు. ఇకమీదట ఆ రంగు కోసం జతలు కలపడం మానాలి. బోను ముందు బోర్డు మీద 'అరుదైన తెల్లపులి' అన్న రెండు మాటల స్థానంలో ఆ పులి తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఆ ఇద్దరికీ ఏమి వరస అన్నది రాయాలి. తెలుగువారికి వరసలు చదవడం వచ్చు. చదివినవారు పిల్లల చేయి పట్టుకొని పక్క ఆవరణ వైపు నడుస్తారు.

అక్కడ నిద్రపోతున్న మామూలు పులిని చూపించి పెద్దలు చెప్పవలసిన కథ ఒకటుంది. నల్లపులులు ఎక్కువైపోయిన ఒక అడవి ఉంది. ఆ అడవికి జబ్బు చేసింది. దాన్ని బాగుచేయడానికి ఎంతో దూరం నుంచి వెతికి తెచ్చుకున్న పులి తెల్లది కాదు, నల్లది కాదు. అచ్చం ఇదే రంగుది.